రైలుకూ రైలుకూ మధ్య ఒక ఊరు

తెలుగులో మొదటి బ్యాక్‌ప్యాకర్ ఎవరని అడిగితే నేను కాశీమజిలీ కథల్లోని గోపడి పేరే చెబుతాను. మధిర సుబ్బన్న దీక్షితులు గారు 12 భాగాలుగా రాసిన ఆ కథల్లో మణిసిద్ధుడు కాశీకి బయలుదేరతాడు. మూట మోయడానికి ఒప్పుకున్న పసులకాపరి కుర్రాడు ఒకటే షరతు పెడతాడు: మజిలీ మజిలీకీ తానడిగిన కథ చెప్పాలి. గురువు స్నానం, జపం, వంట చూసుకునే వేళకు వీడు ఊళ్లో పడి తిరుగుతాడు. ఏదో వింత కంటపడుతుంది. పరుగున వచ్చి దాని సంగతేమిటని నిలదీస్తాడు. కాశీ చేరడం ఒక సాకు మాత్రమే. సరుకంతా మజిలీలోనే ఉంది.

వీపున సంచి వేసుకుని తిరిగే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చేవి రెండు ప్రయాణాల మధ్య మిగిలిపోయే రోజులు. దిగిన రైలు వెళ్లిపోయింది, ఎక్కాల్సిన రైలుకు ఇంకా టైముంది. వచ్చిన ఊరు మన గమ్యం కాదు కాబట్టి దాని మీద పెద్ద ఆశలేమీ ఉండవు. అలాంటి రోజులు గడపడానికి మలేసియాలోని పెనాంగ్ ద్వీపాన్ని, అందులోని జార్జ్‌టౌన్‌ని మించిన చోటు నాకు కనబడలేదు.

ఆ ఊరు దారిలో తగులుతుంది. కౌలాలంపూర్ నుంచి రైలెక్కితే ప్రధాన భూభాగం మీది బటర్‌వర్త్ స్టేషన్లో దిగుతాం. అక్కడి నుంచి ఫెర్రీ మీద జలసంధి దాటితే జార్జ్‌టౌన్. 1894 నుంచీ నడుస్తున్న ఆ ఫెర్రీకి చాలా ఏళ్లపాటు ద్వీపానికి వెళ్లేటప్పుడే టికెట్టు ఉండేది. తిరిగొచ్చేటప్పుడు పైసా అడిగేవారు కాదు. బ్యాంకాక్ వెళ్లాలంటే మళ్లీ బటర్‌వర్త్ వచ్చి ఉత్తరానికి రైలెక్కాలి. 2016 దాకా అక్కడి నుంచి బ్యాంకాక్‌కు నేరుగా రైలుండేది. ఇప్పుడు సరిహద్దులోని పడాంగ్ బెసార్‌లో మారాలి. రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ ఆ ఒక్క స్టేషన్లోనే జరుగుతాయి. థాయ్ గడియారం మలేసియా గడియారం కన్నా గంట వెనక. ఏ టైము ఏ దేశానిదో లెక్క చూసుకుంటూ అక్కడ హైరానా పడేకంటే, ముందే జార్జ్‌టౌన్‌లో ఆగి ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ.

అసలు ఆ ఊరు పెరిగిందే ఆగినవాళ్ల వల్ల. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ జెండా పాతేనాటికి సముద్రాన్ని నడిపేది గాలి. నైరుతి గాలులు మన తీరం నుంచి ఓడల్ని తూర్పుకు తోసుకుపోయేవి. తిరిగి రావాలంటే ఈశాన్య గాలులు మొదలవ్వాలి. ఈ గాలికీ ఆ గాలికీ మధ్య వర్తకుడు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. కోరమాండల్ తీరం నుంచి వచ్చిన తమిళ ముస్లిం వర్తకులు కూర్చున్న చోటు చూలియా వీధి అయింది. సుమత్రా నుంచి వచ్చిన ఆచే వర్తకులది ఆచీన్ వీధి. అక్కడ 1808లో మసీదు వెలిసింది. తర్వాతి కాలంలో హజ్‌కు వెళ్లే యాత్రికులు చుట్టుపక్కల దీవుల నుంచి ఆ వీధికి చేరి, జెడ్డా ఓడ వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూసేవారు. వాళ్లకు బస, వంటసామాను, టికెట్లు, యాత్రలో కట్టుకునే ఇహ్రాం గుడ్డలు కావాలి. అవన్నీ అమ్ముకుంటూ వీధి వీధంతా బతికింది. దానికి రెండో జెడ్డా అని పేరొచ్చింది. 1970లలో హజ్ ప్రయాణం విమానాలకు మారేదాకా ఆ సందడి సాగింది.

చైనా విప్లవ నాయకుడు సన్ యట్‌సేన్ కూడా అక్కడ ఆగినవాడే. 1910లో ఆయన ఆర్మేనియన్ వీధిలోని ఒక ఇంట్లో కూర్చుని మరుసటి ఏడాది గ్వాంగ్‌జౌ తిరుగుబాటుకు పథకం వేశాడు. ఆ తర్వాతి తరాల్లో థాయ్‌లాండ్ వీసా కోసం పాస్‌పోర్టు కాన్సులేట్‌లో ఇచ్చి, అది చేతికొచ్చేదాకా చూలియా వీధి చవక గదుల్లో కాలక్షేపం చేసిన దేశదిమ్మరులు లెక్కలేనంతమంది. గాలి కోసం, ఓడ కోసం, అదను కోసం, వీసా ముద్ర కోసం వచ్చినవాళ్లను రెండు శతాబ్దాలుగా చూస్తున్న ఊరది. ఎదురుచూసేవాడికి ఏం కావాలో దానికి బాగా తెలుసు.

నేను చెప్పదలచుకున్న కిటుకు కూడా అక్కడే ఉంది. ఊరు తెలియాలంటే చూడ్డానికి తిరగకూడదు, పని మీద తిరగాలి. విహారయాత్రకు వచ్చినవాడికి చూడాల్సినవి ఉంటాయి. మధ్యలో ఆగినవాడికి చేయించుకోవాల్సినవి ఉంటాయి. మాసిన బట్టలు ఉతికించాలి, తెగిన చెప్పు కుట్టించాలి, టికెట్టు కొనాలి, డబ్బు మార్చుకోవాలి, దగ్గు మందు తెచ్చుకోవాలి. ఈ పనులేవీ సందర్శకుల వీధిలో పూర్తికావు. కిలో లెక్కన బట్టలు ఉతికే చోటు రెండు సందుల అవతల ఉంటుంది. అక్కడ మనతోపాటు బల్ల మీద కూర్చునేవాళ్లు ఆ ఊరివాళ్లు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, ప్రతి మజిలీలో అంగళ్లున్నాయా, నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా అని ఓపిగ్గా రాసుకున్నారు. గుళ్లూ గోపురాలూ ఆయన చూడక మానలేదు. కానీ ఈనాడు ఆ పుస్తకం మనకు పనికొచ్చేది ఎక్కువగా ఈ అవసరాల పద్దుల వల్లే.

పనికి వెళ్లాలన్నా ఉష్ణమండలపు ఊళ్లో ఎండా వానా ఒప్పుకోవాలి. బెజవాడ ఎండ మాడుస్తుంది. పెనాంగ్ ఎండ ఉడకబెడుతుంది. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, చొక్కా ఆరదు. అక్కడ రోజుకు రెండు పూటలే నడక: తెల్లవారి నుంచి పది దాకా ఒకటి, సాయంత్రం అయిదు దాటాక రెండోది. దూరపు పనులు పొద్దున్నే తెముల్చుకోవాలి. మధ్యాహ్నం నడవక తప్పకపోతే వీధి పొడుగునా దుకాణాల ముందున్న కప్పు కింద నడవాలి. దాన్ని అయిదడుగుల నడవ అంటారు. 1822లో స్టాంఫర్డ్ రాఫెల్స్ సింగపూర్ పట్టణానికి ప్రణాళిక వేస్తూ, ప్రతి ఇంటి ముందూ జనం నడవడానికి కప్పుతో వరండా వదలాలని నియమం పెట్టాడు. ఆ పద్ధతి మలక్కా జలసంధి రేవులన్నిటికీ పాకింది. మన వీధి అరుగులన్నిటినీ ఒకదానికొకటి అతికించి పైన మేడ లేపినట్టుంటుంది. వాన దబదబా కురుస్తున్నా తల తడవకుండా సందు చివరిదాకా పోవచ్చు. మధ్యలో మోటారు సైకిలో, బియ్యం బస్తాలో, ఎర్రటి చిన్న పూజామందిరమో అడ్డొస్తాయి. ఒక్కసారి రోడ్డు మీదికి దిగి మళ్లీ ఎక్కాలి. ఆ నడవలో ఎవరూ ఎవర్నీ వింతగా చూడరు. ఎండకు ఆగినవాడు, వానకు ఆగినవాడు, బేరం కోసం ఆగినవాడు అక్కడ ఒకటే.

మధ్యాహ్నం కాఫీ కొట్టులో గడిచిపోతుంది. చైనీయుల కాఫీ కొట్టును అక్కడ కోపిటియామ్ అంటారు. గింజల్ని పంచదార, మార్జరిన్‌తో కలిపి నల్లగా వేయిస్తారు కాబట్టి ఆ కాఫీకి మాడు తీపి వాసన ఉంటుంది. ఊరికే కోపి అంటే చిక్కటి డబ్బాపాలు పోసి ఇస్తారు. కోపి ఓ అంటే పాలుండవు, పంచదార ఉంటుంది. అదీ వద్దంటే చివర కొసోంగ్ తగిలించాలి. సరిగ్గా అడిగితే కొట్టాయన కళ్లలో ఒక గౌరవం కనబడుతుంది. అన్నానికైతే నాసి కందార్ ఉంది. తమిళ ముస్లింలు కావడికి ఒకవైపు అన్నం కుండ, మరోవైపు కూరల కుండలు వేసుకుని రేవు కూలీల దగ్గరికి తీసుకెళ్లి అమ్మిన భోజనమది. నాసి అంటే అన్నం, కందార్ అంటే కావడి. ఇప్పుడు కావడి పోయి బల్లలొచ్చాయి. అన్నం మీద నాలుగైదు పులుసులు కలగలిపి పోయించుకోవడం మాత్రం పోలేదు. వేటికవి వేరుగా తినే అలవాటున్న మనకు మొదటి ముద్దకు అనుమానం, మూడో ముద్దకు అభిమానం కలుగుతాయి.

ఒకసారి నా సంచి పట్టీ కుట్టు ఊడింది. లిటిల్ ఇండియా వైపు వెతికితే ఒక కుట్టుమిషను దొరికింది. మిషను ముందున్న పెద్దాయన తమిళంలో ధర చెప్పాడు. నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే తలెత్తి చూశాడు.

"తెలుగోలా? ఏ ఊరు బాబూ మీది?"

"బెజవాడండి."

"అదెక్కడ? ఇశాపట్నం పక్కనా?"

కొంచెం దూరమన్నాను. వాళ్ల తాత విశాఖ వైపు నుంచి పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతు కొబ్బరి తోటల్లోకి కూలికి వచ్చాడట. ఆయనకు తెలిసిన తెలుగు దేశమంతా ఆ ఒక్క ఊరే. డబ్బులివ్వబోతే, "పట్టీ కుట్టినందుకు డబ్బులేటి, తెలుగు మాటాడినావు గదా" అన్నాడు. బలవంతం మీద తీసుకున్నాడు.

ఎదురుచూపులన్నీ ఒకలాంటివి కావని ఆ రోజే తోచింది. 1926 నుంచి 1970ల మొదటిదాకా రజులా అనే ఓడ మద్రాసు, నాగపట్నాల నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కు జనాన్ని చేరవేసింది. అంతకుముందు నుంచే కూలీల రాక ఉంది. దిగిన కూలీలను రేవులోకి రానిచ్చేవారు కాదు. పక్కనే ఉన్న జెరెజాక్ దీవిలో, రోగాలేవీ లేవని తేలేదాకా క్వారంటైన్‌లో ఉంచేవారు. ఎదురుగా జార్జ్‌టౌన్ దీపాలు కనబడుతున్నా అక్కడ అడుగుపెట్టే వీలు లేదు. ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో మనమే తేల్చుకోగలిగితే అది విహారం. అది వేరొకరి చేతిలో ఉంటే వలస. నా సంచికీ వాళ్ల మూటకూ తేడా బరువులో లేదు.

మన రాక వల్ల ఆ ఊరికి ఏమవుతోందన్నది కూడా చూసుకోవాలి. 1948కి ముందు కట్టిన ఇళ్లకు అక్కడ అద్దె నియంత్రణ ఉండేది. 2000 జనవరితో అది పోయింది. తరతరాలుగా కొద్దిపాటి అద్దెకు ఉంటూ కింద కొట్టు, పైన కాపురం పెట్టుకున్నవాళ్లు చాలామంది ఖాళీ చేశారు. 2008లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చాక పాత ఇళ్ల గిరాకీ ఇంకా పెరిగింది. నేను పడుకునే హాస్టల్ కూడా అలాంటి ఇల్లే. ముఖం సన్నగా, లోపలికి పొడుగ్గా, నడుమ గాలీ వానా పడే వాకిలితో ఉంటుంది. పొయ్యి రాజుకున్న చోట ఇప్పుడు లాకర్లున్నాయి. 2012లో ఎర్నెస్ట్ జకరేవిచ్ ఆర్మేనియన్ వీధి గోడకు సైకిలు తగిలించి ఇద్దరు పిల్లల బొమ్మ గీశాడు. దాని పక్కన ఫొటో దిగడానికి ఇప్పటికీ బారులు తీరతారు. నీళ్ల మీద కర్ర స్తంభాలపై ఇళ్లు కట్టుకున్న చ్యూ వంశస్తుల రేవులో కొన్ని గుమ్మాలకు ఫొటోలు తీయొద్దని బోర్డులు వేలాడుతున్నాయి. ఎవరి వసారాలోనో నిలబడి వాళ్ల ఆరేసిన బట్టల్ని ఫొటో తీసేవాళ్లు ఉంటే ఆ బోర్డులు రాక ఏం చేస్తాయి?

పని మీద తిరగమనడానికి ఇది రెండో కారణం. చూడ్డానికి వచ్చినవాడు ఊరి నుంచి తీసుకుపోతాడు. పని మీద వచ్చినవాడు తీసుకున్నదానికి బదులు ఇస్తాడు: కుట్టుకూలి, చాకిరేవు డబ్బు, కాఫీ కొట్టులో చిల్లర. ఆ డబ్బు ఇంకా అక్కడే కాపురమున్నవాళ్ల చేతికి పోతుంది. మనం వాళ్ల దగ్గర గిరాకీగా నిలబడతాం, ప్రేక్షకుడిగా కాదు. గిరాకీకి కుర్చీ వేస్తారు, నాలుగు మాటలు చెబుతారు. ప్రేక్షకుడికి తలుపేస్తారు.

2023 డిసెంబరులో మలేసియా మన పాస్‌పోర్టులకు 30 రోజుల వీసా మినహాయింపు మొదలుపెట్టాక తెలుగు కుర్రాళ్లు, అమ్మాయిలు సంచులు తగిలించుకుని చాలామందే వెళుతున్నారు. నాలుగు రోజుల్లో మూడు ఊళ్లు చుట్టేసే వాళ్ల పట్టికలు నాకూ పంపిస్తుంటారు, ఏమైనా కలపమని. నేను కలపను, తీసేస్తాను. రెండు పెద్ద ప్రయాణాల నడుమ కనీసం రెండు రోజులు ఖాళీగా వదలమంటాను. ఆ ఖాళీలో ఏం చూడాలని అడుగుతారు. ఏమీ చూడొద్దు. ఊడిన గుండీలు ఇంటి దగ్గర కుట్టించుకోకుండా అలాగే సంచిలో వేసుకెళ్లండి, మిగతాది ఆ ఊరే చూసుకుంటుంది.