సబ్బు ఒక్కటే చాలదు

పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్లు తిప్పతీగ కషాయం తాగితే ఇన్ఫెక్షన్ దరిచేరదట. ఈ వారం ఒళ్లు మండించిన వాట్సాప్ సందేశం ఇది. పంపింది కోంట మిత్రుడు. ఆ డయాలసిస్ చేసుకుంటున్న వాళ్ల మేనమామ కోసం నా అభిప్రాయం అడిగాడు.

కోంట తెలుసుగా, బస్తర్ దక్షిణపు కొసన శబరి ఒడ్డున, తెలుగు వినిపించే ఊరు. జగదల్‌పూర్ కన్నా భద్రాచలమే దగ్గర. వారానికి మూడుసార్లు డయాలసిస్ యంత్రం దగ్గరికి ఊళ్లు దాటి పోవడం ఆ వయసులో ఎవరి తరం? ఇంట్లోనే ద్రవం బ్యాగులు మార్చుకునే ఈ పొట్ట డయాలసిస్ పద్ధతి అలాంటి ఊళ్లకే పనికొస్తుంది.

అయితే ఆ పద్ధతిలోనే ఓ చిక్కుంది. మన పొట్టలోపలి పొరకు కాపలాగా మాక్రోఫేజ్ కణాలుంటాయి. సూక్ష్మజీవిని పట్టుకోవడానికి వాటికి యాంటీబాడీలు, కాంప్లిమెంట్ ప్రోటీన్లు సాయం చేస్తాయి. పొట్టలోకి రెండేసి లీటర్ల డయాలసిస్ ద్రవం రోజుకు మూడు నాలుగుసార్లు నింపి తీసేస్తుంటే ఈ బలగమంతా పలచబడి, కొంత బ్యాగులోకే వెళ్లిపోతుంది. మిగిలిన కణాలనూ మామూలు ద్రవంలోని ఆమ్లగుణం, గ్లూకోజు మందగింపజేస్తాయి. కిడ్నీ జబ్బు వల్ల ఒంటి రోగనిరోధక శక్తి ముందే తగ్గి ఉంటుంది. పారబోసే నీళ్లతో పోయేదాన్ని కషాయం ఎక్కడ నిలబెడుతుంది? పైగా కిడ్నీ జబ్బువాళ్లు జాగ్రత్తపడాల్సిన పొటాషియం ఏ ఆకులో ఎంత ఉందో ఎవరు కొలిచారు?

నా సబ్బు పిచ్చి పాత పాఠకులకు కొత్త కాదు. లోపల కాపలా పలచనైతే గుమ్మం దగ్గరే ఆపాలి, అంటే చేతులు కడుక్కోవాలి, అంతే అని రాసి ముగిద్దామనుకున్నాను. కానీ ఈ డయాలసిస్ చరిత్ర నా మాటకు అడ్డొచ్చింది. 1970లలో ద్రవం గాజు సీసాల్లో వచ్చేది. సీసా మార్చిన ప్రతిసారీ ప్రమాదమే, పెరిటోనైటిస్, అంటే పొట్టలోపలి పొరకు ఇన్ఫెక్షన్, మాటిమాటికీ వచ్చేది. టొరంటోలో ఒరియోపౌలోస్ ప్లాస్టిక్ సంచులు తెచ్చాక తగ్గింది. తర్వాత ఇటలీలో బువోన్‌క్రిస్టియాని వై ఆకారపు గొట్టం తెచ్చాడు. సంచి తగిలించగానే ముందు పాత నీళ్లు బయటికి, ఆ తర్వాతే కొత్తవి లోపలికి. తగిలించేటప్పుడు దూరిన క్రిములు ఆ ప్రవాహంలోనే కొట్టుకుపోతాయి. ఇన్ఫెక్షన్లు మళ్లీ బాగా తగ్గాయి. మనుషులు అంతకుముందు చేతులు కడుక్కోలేదా ఏం? మారింది గొట్టం. కాబట్టి ఇన్ఫెక్షన్ రాగానే "నీ శుభ్రతే సరిగా లేదు" అని రోగిని కసరడం అన్యాయం. సబ్బు వదలమని కాదు, నేరమంతా చేతుల మీదికి నెట్టొద్దని.

కోంట మేనమామగారికి ఒక్క మాట. బయటికొచ్చిన నీళ్లు మసకగా కనబడితే అవి తెల్లకణాలని, లోపల పోరాటం మొదలైందని అనుకోండి. నొప్పి కోసం ఎదురుచూడకుండా, ఆ బ్యాగు పారేయకుండా, దాన్ని పట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.