ముందు అవతలి ఫోను సంగతి చూడండి

పాడ్‌కాస్ట్ మొదలెడదామనుకునేవాళ్లు తరచూ అడుగుతారు, వేరే ఊళ్లో ఉన్నవాళ్లతో మాట్లాడి రికార్డు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ అని. మాట్లాడబోయేది ఎవరో చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

దారులు రెండే. నెట్ మీద మనకు వినపడినదాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడం ఒకటి. ఎవరి గొంతు వాళ్ల దగ్గరే రికార్డయి, ఆ ఫైలు తర్వాత మనకు చేరడం రెండోది. రేడియోవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న ఈ రెండో పనిని డబుల్ ఎండర్ అంటారు. రివర్‌సైడ్, స్క్వాడ్‌కాస్ట్, జెన్‌కాస్టర్ ఈ బాపతువే. నెట్ తడబడి మనకు మాట తెగి వినిపించినా, అవతల రికార్డయిన ఫైల్లో అది నిండుగా ఉంటుంది. జూమ్‌లోనూ ఒక్కొక్కరికీ విడి ఆడియో ఫైలు తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు. విడి ఫైలే గానీ, అతిథి గొంతు నెట్ దాటి నలిగి వచ్చినదే.

డాలస్‌లో ఉద్యోగం చేసుకునే అతిథికైతే లింకు పంపితే చాలు. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోమంటాను. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వినడంతోపాటు మైకు కూడా వాడితే చాలాసార్లు గొంతు మామూలు ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. ఇంకోటి, "ఉంటానండీ" అన్న మరుక్షణం ల్యాప్‌టాప్ మూసేయొద్దని బతిమాలుకుంటాను. కుదించని వేవ్ ఫైలు ఒక్క మైకుకే గంటకు 345 ఎంబీ దాకా అవుతుంది. అదంతా పైకి ఎక్కేవరకూ ట్యాబ్ తెరిచే ఉండాలి.

తెనాలిలో పద్యనాటకాలు ఆడిన పెద్దాయన దగ్గర ఈ కథ నడవదు. లింకు నొక్కగానే మైక్రోఫోన్‌కు అనుమతి ఇస్తారా అని బ్రౌజర్ అడిగింది. "నా గొంతుకి నన్నే అనుమతి అడుగుతుందేమిటండీ?" అని ఆయన నవ్వేశారు. ఆ నవ్వయినా రికార్డు కాలేదు. పైగా మీటింగుల కోసం పుట్టిన యాప్‌లు మాట తప్ప ఎడతెగకుండా మోగేదాన్నంతా రొద కిందే లెక్కగడతాయి. ఫ్యాను చప్పుడు పోతే సంతోషమే. పద్యం వెనక హార్మోనియం శ్రుతి కూడా పోతే ఏం మిగిలినట్టు? జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ అనే సెట్టింగు పెట్టింది ఇలాంటి అవస్థ తప్పించడానికే. అది ఎక్కడుందో ఆయనకు ఫోన్లో చెప్పడం మాత్రం నా తరం కాదు.

అందుకని పెద్దాయన మామూలు ఫోన్ కాల్లోనే మాట్లాడారు. వాళ్ల మనవడు తన ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి, మడిచిన తువ్వాలు మీద ఆయన ముందు పెట్టాడు. బల్ల మీద తగిలే చప్పుళ్లు మైకులోకి ఎక్కకుండా తువ్వాలన్నమాట. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టించాను. మనవడి ఫోనూ, ఇక్కడ నా గొంతు రికార్డు చేసుకుంటున్న నా ఫోనూ రెండూ సెకనుకు 48,000 శాంపిళ్లు తీస్తున్నామనే చెబుతాయి గానీ, వాటి గడియారాలు సరిగ్గా ఒక్కలా నడవవు. లక్షకు పది తేడా ఉన్నా గంట గడిచేసరికి సెకనులో మూడోవంతు పైగా జారుతుంది. నా ప్రశ్న పూర్తవకముందే పెద్దాయన జవాబు అందుకుంటున్నట్టు వినపడుతుంది. మొదటి చప్పట్ల దగ్గర రెండు ట్రాకులూ కలిపి, రెండో చప్పట్ల దగ్గర ఎంత జారిందో చూసి ట్రాకును అంతమేరకు సాగదీస్తే సరిపోతుంది. ఆడాసిటీలో ఆ పని డబ్బు ఖర్చు లేకుండా అవుతుంది. ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమన్నాను. వాయిస్ మెసేజ్‌లా చేసి పంపితే కుదించేస్తుంది.

అలాగని డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ దండగ అనను. ముగ్గురు నలుగురు అతిథులుంటే అదే సుఖం, ఒక్కొక్క ఫైలూ అడిగి తెప్పించుకునే తిప్పలుండవు. కొనేముందు నేను చూసేది రెండే: ఒక్కొక్కరికీ విడి ట్రాకు ఇస్తారా, కుదించని ఫైలు చేతికొస్తుందా. వీడియో మెరుపులూ, దానంతటదే ఎడిటింగ్ చేసే హంగులూ ఎన్ని చూపించినా ఈ రెండూ లేకపోతే నాకొద్దు.