ఒక ఫ్రెంచి దొరసాని స్మృతులు

రాజ్యములు తలక్రిందులైనప్పుడు ఓడలు బండ్లగుట వింత కాదు. ఓడపై పుట్టి పెరిగినవారు బండి తోలుట యెట్లు నేర్చిరో చెప్పిన గ్రంథములు మాత్రము అరుదు. ఫ్రాన్సుదేశపు ప్రభుస్త్రీయగు లా టూర్ డు పాన్ దొరసాని వ్రాసికొనిన ‘ఏబదియేండ్ల స్త్రీ దినచర్య’ అట్టి వానిలో నొకటి. ఈమె 1820లో వ్రాయ నారంభించి, 1815 నాటి వృత్తాంతముకడ నిలిపివేసెను. ఆమె 1853లో మరణించిన పిదప అర్ధశతాబ్దమునకు గాని యీ గ్రంథము వెలుగు చూడలేదు.

ఆమె 1770లో పారిసు నగరమున జన్మించి, 1787లో వివాహమాడి, మేరీ ఆంట్వానెట్ రాణి కొలువున నుండెను. 1789 అక్టోబరులో పారిసు స్త్రీలు రొట్టెకై వేర్సేల్సునకు నడచివచ్చిన దినమున ఆమె యచ్చటనే యుండెను. మామగారు నాటి యుద్ధమంత్రి. 1794 ఏప్రిలులో ఆ మామగారును, ఆమె తండ్రియు గిలటీనుకు బలియైరి. అప్పటి కామె, బోర్డో ప్రాంతమున కొంతకాలము దాగియుండి, థెరీసా కబారుస్ అను స్త్రీ సాయమున అనుమతిపత్రములు సంపాదించి, భర్తతోడను, ఇద్దఱు పసిబిడ్డలతోడను చిన్న యోడనెక్కి అమెరికాకు బయలుదేరి యుండెను.

న్యూయార్కు రాష్ట్రమున ఆల్బనీ సమీపమున వారొక వ్యవసాయక్షేత్రమును కొనిరి. రాణికొలువున మెలగిన యామె అచ్చట పల్లెటూరి స్త్రీల దుస్తులు ధరించి, ఆవుల పాడి చూచుకొని, వెన్న తీసి యమ్మెను. వెన్నముద్దలపై తమ పేరి యక్షరములను అచ్చువేయించుట మాత్రము మానలేదు! టాలీరాండు చూడవచ్చినప్పు డామె మాంసము కొట్టుచుండెనట. ఈ ఘట్టములను ఆమె విలాపము లేకుండ, ఆత్మస్తుతి మితిమీరకుండ వ్రాసినది. అందే యీ గ్రంథపు బలమున్నది.

దీనిని చదివి, ‘గొప్పవంశపు రక్తము కష్టములందును వన్నె తఱుగదు’ అని మెచ్చుకొనువారు గలరు. మాకట్లు తోచదు. ఆమె మాటలే యిందుకు విరుద్ధముగ నున్నవి. తల్లిని చిన్నతనముననే కోల్పోయి, కఠినురాలగు అమ్మమ్మ చేతిక్రింద పెరిగిన యా బాలిక, ఎన్నడైన భాగ్యము తలక్రిందు కావచ్చునని యూహించుకొనుచు, వంట మొదలుగా గల పనులన్నియు తెలిసికొన గోరెను. అమెరికాలో ఆమెను నిలబెట్టినది వంశము కాదు, పనితనము. ఆ పనితనము తరతరములుగ ఎవరి చేతులలో నుండెనో వారిని తలచుకొనక ఆమె ధైర్యమును మాత్రమే పొగడుట సగము న్యాయము.

తక్కిన సగము న్యాయము ఈ గ్రంథమునుగూడ ప్రశ్నించును. ఆ క్షేత్రమున పనికై దంపతులు నలుగురు నీగ్రో బానిసలను కొనిరి. నాటి న్యూయార్కులో అది చట్టసమ్మతమే. అచ్చట బానిసత్వము 1827లో గాని పూర్తిగ తొలగలేదు. అయినను ఒక విషయము గమనింపదగియున్నది. ఆమె యేవిప్లవమునుండి పాఱిపోయెనో ఆ విప్లవసభయే 1794 ఫిబ్రవరి 4వ తేదీన తన వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేసెను. ఆమె యోడనెక్కినది ఆ మఱుసటి నెలలో. తన తండ్రి తల తీసిన సభ చేసిన ధర్మమును ఆమె మెచ్చుకొనలేకపోవుట సహజమే కావచ్చును. కాని చెఱసాలకు భయపడి సముద్రము దాటిన మనిషి, ఆవలియొడ్డున మనుష్యులను వెలయిచ్చి కొనుచు సందేహింపకపోవుటను మనము గుర్తింపక తప్పదు.

1796లో ఫ్రాన్సుకు మరలునప్పుడు ఆ నలువురకు విముక్తి నొసగిరి. ఆనాటి వారి యానందమును ఆమె మనసార వర్ణించెను. ఆ పని మంచిపనియే. అయిన నచ్చటను దాత హృదయము కనబడినంతగా పుచ్చుకొన్నవారి హృదయము కనబడదు. వారి స్వాతంత్ర్యము ఆమె చేతిలో నుండనేల? ఆ ప్రశ్న ఆమె వేసికొనలేదు. పనివారి పనిని నేర్చిన యా బుద్ధిమంతురాలు, పనివారికి దయతోపాటు హక్కును గలదని నేర్వలేదు.

ఇట్లనుటచే గ్రంథపు విలువ తగ్గునని మా యభిప్రాయము కాదు. రాజుల యుత్తరువులును, సేనానుల విజయములును చెప్పు చరిత్రలు చాల గలవు. ఆ యల్లకల్లోలమున బిడ్డల కన్నమెట్లు దొరకెనో, బట్టలెవ్వరు ఉదికిరో చెప్పునట్టివి తక్కువ. మన గృహిణులు దీనిని తప్పక చదువవలెను. చదువునప్పుడు ఆమెను చూచి ధైర్యము నేర్వవలెను. ఆమె ప్రక్కన పనిచేయుచు ఒక్క మాటయు వ్రాసికొన వీలులేకపోయిన ఆ నలువురనుగూడ మనసున నుంచుకొనవలెను.