లిథువేనియా సంస్కరణోద్యమ చరిత్రకారిణి ఇంగే లుక్షైతే కృషి: ఒక విమర్శనాత్మక పరిశీలన

సంఘచరిత్ర తరగతుల్లో సంస్కరణోద్యమం అనగానే విట్టెన్‌బర్గు, జ్యూరిక్, జెనీవా అనే మూడు పట్టణాలతో పాఠం దాదాపు ముగిసిపోతుంది. సమయం మిగిలితే స్కాట్లాండు వరకు వెళతాము. తూర్పున బాల్టిక్ సముద్రతీరం వైపు మన పాఠ్యప్రణాళిక సాధారణంగా చూడదు. ఈ లోటు మాకు తెలిసివచ్చేలా చేసినవారు లిథువేనియా సాంస్కృతిక చరిత్రకారిణి ఇంగే లుక్షైతే. 1940లో జన్మించిన ఈమె విల్నియస్‌లోని చరిత్ర పరిశోధన సంస్థలో పనిచేశారు. ఆమె ప్రధాన గ్రంథమైన “లిథువేనియా గ్రాండ్ డచీలోను, చిన్న లిథువేనియాలోను సంస్కరణోద్యమం” 1999లో వెలువడింది. సంస్కరణోద్యమానికి అయిదువందల ఏళ్లు నిండిన 2017లో దాని జర్మన్ అనువాదం లైప్‌జిగ్‌లో ప్రచురించబడింది. ఆరువందల పుటలకు మించిన ఈ గ్రంథాన్ని, దాని వెనుకనున్న దీర్ఘకాల కృషిని పరిచయం చేస్తూ, ఒక ముఖ్య విషయంలో ఆమెతో మాకున్న అభిప్రాయభేదాన్ని కూడా పాఠకుల ముందుంచుతున్నాము.

గ్రంథం పేరులోనే ఒక వాదం ఉంది. పదహారవ శతాబ్దంలో లిథువేనియన్ మాట్లాడే ప్రజలు ఇద్దరు పాలకుల కింద జీవించారు. ఎక్కువమంది విల్నియస్ రాజధానిగా గల గ్రాండ్ డచీలో ఉండేవారు. పోలండుకు, ఆ గ్రాండ్ డచీకి పాలకుడు ఒక్కడే, అతడు కతోలికుడు. మిగిలినవారు పడమట ప్రష్యాలో ఉండేవారు. ప్రష్యా డ్యూక్ ఆల్బ్రెక్ట్ 1525లో తన ప్రాంతాన్ని మొట్టమొదటి లూథరన్ రాజ్యంగా మార్చాడు. అక్కడి లిథువేనియన్ ప్రాంతానికే చిన్న లిథువేనియా అని పేరు. ఒకచోట సంస్కరణ పాలకుని ఆజ్ఞతో వచ్చింది. మరొకచోట పాలకునికి ఇష్టం లేకుండా, పెద్ద భూస్వాముల అండతో వచ్చింది. ఈ రెంటినీ వేర్వేరు చరిత్రలుగా రాయడం సులభం. లుక్షైతే అలా రాయలేదు. ఆ ఉద్యమంలోని మనుషులు సరిహద్దుకు అటూ ఇటూ తిరిగినవారు గనుక వారి చరిత్రకూడ సరిహద్దు దాటవలసిందే.

అబ్రహామస్ కుల్వియెతిస్ 1539లో విల్నియస్‌లో పాఠశాల తెరిచాడు. 1542లో దానిని విడిచి ప్రష్యాకు తరలిపోవలసి వచ్చింది. 1544లో కోనిగ్స్‌బెర్గ్‌లో విశ్వవిద్యాలయం స్థాపించబడినప్పుడు అక్కడ వేదాంత ఆచార్యుడైన స్తానిస్లోవస్ రాపాలియోనిస్ కూడా గ్రాండ్ డచీనుండి వచ్చినవాడే. 1545లో ఇద్దరూ మరణించారు. వారి వెనుక వచ్చిన మార్టినస్ మజ్‌విదాస్ 1547లో కోనిగ్స్‌బెర్గ్‌లో ఒక ప్రశ్నోత్తరిని అచ్చువేయించాడు. లిథువేనియన్ భాషలో అచ్చయిన మొదటి పుస్తకం అదే. అందులో ఉన్నది 79 పుటలు మాత్రమే. లిథువేనియాలోని కాపరులకు లాటిన్‌లో ఒక లేఖ, ప్రజలకు పద్యరూపంలో ముందుమాట, అక్షరమాల, ప్రశ్నోత్తరి, చివర పదకొండు కీర్తనలు. విశ్వాసపు ప్రశ్నలకు ముందు అక్షరాలు దిద్దించే పుటలున్నాయన్న సంగతిని పాఠకులు గమనించాలి. చదవడం రానివారి చేతికి పుస్తకం ఇస్తున్నానని ఆ కాపరికి తెలుసు. ఆ ముద్రణలో ఇప్పుడు మిగిలినవి రెండే ప్రతులు.

లుక్షైతే పరిశోధనా జీవితం సోవియట్ కాలంలో మొదలైంది. సంఘచరిత్రను సంఘచరిత్రగా రాయడానికి ఆనాడు అవకాశం లేదు. దేవాలయాలు మూతపడుతున్న దేశంలో ఒక పరిశోధకురాలు సంస్కరణోద్యమాన్ని ఏ ద్వారం గుండా సమీపించగలరు? 1970లో వెలువడిన ఆమె మొదటి గ్రంథం పదిహేడవ శతాబ్దపు సంస్కరణోద్యమంలో లిథువేనియన్ భాష స్థానాన్ని గూర్చినది. 1980నాటి రెండవ గ్రంథం లిథువేనియాలోని తీవ్ర సంస్కరణవాదులను గూర్చినది. ఒకటి భాష, మరొకటి సామాజిక నిరసన. రెండూ ఆనాటి ప్రభుత్వ సిద్ధాంతానికి అభ్యంతరం లేని అంశాలే. దీనిని రాజీ అని కొట్టివేయడం అన్యాయమని మా అభిప్రాయం. తీవ్రవాదుల సంగతే చూడండి. 1568లో ఇవ్యె పట్టణంలో జరిగిన సభలో, క్రైస్తవుడు వెట్టి రైతులను తన కింద ఉంచుకోవచ్చునా అని వాదించారు. కూడదని కాలినూవ్‌కా యాకూబు, తగునని సీమోన్ బుద్నీ నిలబడ్డారు. ఇద్దరూ లేఖనాలనే ఆధారం చేసుకున్నారు. వర్గపోరాటం అనే శీర్షిక కింద ఈ సభను చేర్చడం తేలికే, కాని దాని వివరాలను నిజాయితీగా చెప్పినవారెవరైనా బైబిలు వ్యాఖ్యానాన్ని చెప్పక తప్పదు. మూసిన తలుపు పక్కనున్న కిటికీలోనుండి వెలుగు ఆ విధంగా లోపలికి వచ్చింది.

1990లో లిథువేనియా స్వాతంత్ర్యాన్ని ప్రకటించింది. తొమ్మిదేళ్ల తరువాత వచ్చిన ప్రధాన గ్రంథంలో ఆమె ఆ రెండు పాత దారులను విడిచిపెట్టక, వాటిని పాఠశాలలు, ముద్రణాలయాలు, పోషకులు, సంఘపాలన అనే విశాలమైన చిత్రంలో కలిపారు. సంస్కరణను ఒక సిద్ధాంతం వ్యాపించిన కథగా గాక, ఒక సమాజపు జీవనవిధానం మారిన ప్రక్రియగా చూడడమే ఆమె పద్ధతి. ఈ పద్ధతి బలం గ్రాండ్ డచీని గూర్చిన భాగాల్లో బాగా తెలుస్తుంది. నల్ల రాద్విలా అని పేరుపొందిన మికలోయస్ రాద్విలా పోషణలో 1563లో బ్రెస్త్ పట్టణంలో పోలిష్ బైబిలు అచ్చయింది. 1565లో ఆయన చనిపోయాడు. కొద్ది సంవత్సరాలకే ఆయన పెద్ద కుమారుడు కతోలిక సంఘంలో చేరి, తండ్రి అచ్చువేయించిన ఆ బైబిలు ప్రతులను సేకరించి నాశనం చేయించాడు. 1569లో జెసూయిట్లు విల్నియస్ వచ్చారు. పదేళ్లకు అక్కడ వారి విద్యాపీఠం వెలసింది. కేవలం విశ్వాసప్రమాణాల చరిత్ర రాసేవారికి ఇక్కడితో కథ ముగిసినట్టే కనిపిస్తుంది. లుక్షైతేకు ముగియలేదు. రాద్విలా వంశపు మరొక శాఖ బిర్జాయి పట్టణంలో రిఫార్మ్‌డ్ సంఘాన్ని నిలిపింది. కేదాయినియాయిలో 1653లో లిథువేనియన్ ఆరాధన గ్రంథం అచ్చయింది. ఓడిపోయిన ఉద్యమాన్ని ఓటమి తేదీతో ముగించకుండా రాయడం ఎలాగో ఈ భాగాలనుండి మనం నేర్చుకోవచ్చు.

ఇక మా అభ్యంతరం. సంస్కృతిలో మిగిలిన ఫలాన్నిబట్టి సంస్కరణను కొలిస్తే, ఆ కొలబద్ద కొన్ని తేడాలను చూపలేదు. మికలోయస్ దౌక్షా కతోలిక యాజకుడు. ఆయన 1595లో ఒక ప్రశ్నోత్తరిని, 1599లో ఒక పెద్ద ప్రసంగ సంపుటిని లిథువేనియన్‌లోకి అనువదించాడు. ఆ సంపుటి ముందుమాటలో మాతృభాషను ఆయన సమర్థించిన తీరు మజ్‌విదాస్‌కు ఏమాత్రం తీసిపోదు. భాషే కొలమానమైతే దౌక్షా కూడా సంస్కరణ ఫలమే! చరిత్రకారులు దీనిని అంగీకరించవచ్చు. ప్రొటెస్టెంటుల పోటీయే కతోలికులను ప్రజల భాషవైపు నెట్టిందని చెప్పడంలో నిజం లేకపోలేదు. అయినా దౌక్షా బోధించినదేమిటి, మజ్‌విదాస్ బోధించినదేమిటి అనే ప్రశ్న దానితో తీరదు. పాపి దేవునియెదుట ఏ విధంగా నీతిమంతుడుగా తీర్చబడతాడు? ప్రభువు బల్లలో విశ్వాసి పొందేదేమిటి? వీటికోసమే కుల్వియెతిస్ తన పాఠశాలను, స్వదేశాన్ని విడిచాడు. రాణి బోనా స్ఫోర్జాకు తన విశ్వాసాన్ని వివరిస్తూ రాసుకున్నాడు; ఆ రచన ఆయన మరణానంతరం 1547లో అచ్చయింది. పాఠశాల స్థాపకునిగా ఆయనకు లుక్షైతే గ్రంథంలో దక్కిన గౌరవం సముచితమే. ఒప్పుకోలు చేసినవానిగా ఆయన మాటకు ఇంకా చోటు ఉండవలసిందని మేము భావిస్తున్నాము.

ఇంత చెప్పిన తరువాత, మా వాదాన్ని బలహీనపరిచే పని ఆమే చేశారని ఒప్పుకోవాలి. మజ్‌విదాస్ తన ముందుమాటలో ప్రజలను కౌకస్ అనే ఇంటి దయ్యాన్ని, నేలను, పొలాన్ని కాచే దేవతలను విడిచిపెట్టమని హెచ్చరించాడు. తరువాత రగాయినెలో కాపరిగా 1563లో మరణించేవరకు ఆ ప్రజల మధ్యనే పనిచేశాడు. ఒక శతాబ్దానికి పైగా గడిచాక, అదే చిన్న లిథువేనియాలో మతేయుస్ ప్రెటోరియస్ అనే లూథరన్ కాపరి ప్రజల పెండ్లి, అంత్యక్రియ, పంట ఆచారాలను, వారి పాత దేవతలను గూర్చి ఎంతో వివరంగా రాశాడు. సంపూర్ణంగా అచ్చుకు నోచుకోని ఆ చేతిరాత గ్రంథాన్ని లుక్షైతే సంపాదకత్వంలో 1999నుండి సంపుటాలుగా తెచ్చారు. నూరేళ్లకు పైగా ప్రశ్నోత్తరి వల్లించిన గ్రామాల్లో ఏది మారింది, ఏది మారలేదు? సిద్ధాంతగ్రంథాలు మాత్రమే చదివే మావంటివారు ఈ ప్రశ్న అడగగలిగేవారమే కాము. (ప్రెటోరియస్ జీవిత చరమాంకంలో కతోలికుడయ్యాడు. అంత శ్రద్ధగా రాసిన లూథరన్ కాపరి మనసులో ఏమి జరిగిందో ఎవరైనా వేరుగా పరిశోధించవలసిన సంగతి.)

ఈ ప్రెటోరియస్ సంపుటాల విలువ మరొక కారణంచేత పెరిగింది. రెండవ ప్రపంచయుద్ధాంతంలో చిన్న లిథువేనియా ప్రజలు చాలావరకు పారిపోయారు లేదా వెళ్లగొట్టబడ్డారు. రగాయినె ఇప్పుడు రష్యాకు చెందిన కలినిన్‌గ్రాద్ ప్రాంతంలో నేమన్ అనే పేరుతో ఉంది. నాలుగు శతాబ్దాలు లిథువేనియన్‌లో లూథరన్ కీర్తనలు పాడిన ఆ సంఘాలు ఆ ఊళ్లలో లేవు. అక్కడి క్రైస్తవ జీవితాన్ని తెలిసికోవడానికి కాగితాలే మిగిలాయి.

తెలుగు పాఠకులకు ఈ చరిత్ర పూర్తిగా పరాయిది కాదు. లుక్షైతే గ్రంథపు కాలపరిధికి ఇది వెలుపలిదైనా చెప్పక తప్పదు. జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో 1727నుండి 1740వరకు, ప్రష్యాలోని లిథువేనియన్ సంఘాలకు వెళ్లబోయే కాపరులకు ఆ భాష నేర్పే తరగతి నడిచింది. అదే హాలెలో, మద్రాసునుండి తిరిగివెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746-47లో తెలుగు ప్రశ్నోత్తరిని, మరికొన్ని చిన్న పుస్తకాలను అచ్చువేయించాడు. ఆయన చేసిన తెలుగు బైబిలు అనువాదం మాత్రం చేతిరాతగానే మిగిలిపోయింది.

చిన్న లిథువేనియాలో యోనాస్ బ్రెత్కూనస్‌కు కూడా అదే జరిగింది. కాపరిగా పనిచేస్తూ 1579నుండి 1590వరకు ఆయన బైబిలంతటినీ లిథువేనియన్‌లోకి అనువదించాడు. అంచుల్లో దిద్దుబాట్లతో నిండిన ఆ చేతిరాత ఈనాటికీ భద్రంగా ఉంది. అందులో కీర్తనల గ్రంథం మాత్రం, సవరణలతో, 1625లో అచ్చయింది. లిథువేనియన్‌లో సంపూర్ణ బైబిలు ముద్రణ 1735వరకు ఆగవలసి వచ్చింది. కాని బ్రెత్కూనస్ ప్రసంగ సంపుటి 1591లోనే అచ్చయింది. ఆదివారం తరువాత ఆదివారం ఆ గ్రామాల్లో చదివి వినిపించిన ప్రసంగాలవి. భాషాశాస్త్రజ్ఞులు వాటిని పదపదమూ పరిశీలించారు. సాంస్కృతిక చరిత్రలో వాటి స్థానాన్ని లుక్షైతే చూపారు. వాటిని ప్రసంగాలుగా చదివి, ఆ కాపరి ఏ వాక్యభాగంనుండి ఏమి చెప్పాడో, దేనిని విడిచిపెట్టాడో, ఎవరిని ఉద్దేశించి గొంతు పెంచాడో తేల్చే పని వేదాంత విద్యార్థులకు చెందినది.