రంగూన్ రోగం, తెలుగు కణం

యాంగాన్ నగరానికి దక్షిణాన, నది దాటితే దలా. పాన్సొడాన్ రేవులో ఫెర్రీ ఎక్కితే కొద్ది నిమిషాల ప్రయాణం. బ్రిటిషు కాలంలో ఇరావతి ఫ్లొటిల్లా కంపెనీ తన స్టీమర్లను మరమ్మతు చేసుకున్న డాక్‌యార్డ్ ఇక్కడే ఉండేది. ఈ నదీతీరాల రేవుల్లోనూ బియ్యపు మిల్లుల్లోనూ తెలుగు కూలీలు వేల సంఖ్యలో పనిచేశారు. వారంతా గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి ఓడలెక్కి ‘రంగం’ వెళ్ళినవారే. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వారికి ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. వర్షాకాలంలో దలా అంతా బురద. వేసవిలో చెరువులు ఎండిపోయి మంచినీటికి కటకట. ఈ బురదతోనూ ఈ నీటితోనూ జీవకణానికి ఉన్న సంబంధం నదికి ఇవతలి ఒడ్డున, రంగూన్ జనరల్ ఆసుపత్రి శవపరీక్షల గదిలో మొదలవుతుంది.

1911లో ఆ ఆసుపత్రి పాథాలజిస్టు ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, ఆయన సహాయకుడు సి. ఎస్. కృష్ణస్వామి శవపరీక్షల్లో ఒక వింతను గమనించారు. ఊపిరితిత్తులు జున్నుగడ్డలా గట్టిపడి ఉన్నాయి. కాలేయంలోనూ ప్లీహంలోనూ చీముగడ్డలు. చూడడానికి అది గుర్రాలకూ గాడిదలకూ వచ్చే గ్లాండర్స్ రోగంలా ఉంది. సూక్ష్మజీవిని పెంచి చూస్తే మాత్రం తేడాలు బయటపడ్డాయి. గ్లాండర్స్ సూక్ష్మజీవికి చలనం లేదు. ఇది కదులుతుంది, దానికంటే వేగంగా పెరుగుతుంది. 1912లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఇద్దరి పేర్లతో వ్యాసం వచ్చింది. మరుసటి ఏడు జర్నల్ ఆఫ్ హైజీన్‌లో వచ్చిన పెద్ద వ్యాసం మీద విట్‌మోర్ పేరొక్కటే ఉంది. 1921లో మలయాలో స్టాంటన్, ఫ్లెచర్ ఈ రోగానికి మెలియాయిడోసిస్ అని పేరుపెట్టారు. సూక్ష్మజీవి పేరు మాత్రం చాలాసార్లు మారి, 1992 నుంచి బర్ఖోల్డేరియా సూడోమాలై అయింది. నేటికీ అనేకులు దీన్ని ‘విట్‌మోర్ వ్యాధి’ అంటారు. ఆ పేరులో కృష్ణస్వామికి చోటు దొరకలేదు.

ఆ తొలి వ్యాసాల్లో పరిశీలన అమోఘం. పోలికకు లొంగిపోకుండా తేడాను పట్టుకోవడం తేలిక కాదు. పరిచితమైన పేరు సిద్ధంగా ఉన్నప్పుడు మరీ కష్టం. ఆ పని వారు చేశారు. అయితే రోగులలో చాలామంది మార్ఫియా సూదికి అలవాటుపడిన నిరుపేదలు కావడంతో వైద్యుల దృష్టి ఆ సూది దగ్గర ఆగిపోయింది. 1917లో కృష్ణస్వామి రాసిన వ్యాసం శీర్షికలోనే రోగం మార్ఫియా సూది వాడేవారి రక్తదోషంగా కనిపిస్తుంది. సూదిని నిందించడంతో రోగం ఒక వ్యసనానికి శిక్షగా మారింది. సూక్ష్మజీవి అసలు నివాసం నేల, నీరు. పుండుపడిన కాలి చర్మం గుండానో, పీల్చిన గాలి ద్వారానో, తాగిన నీటి ద్వారానో అది ఒంట్లోకి చేరుతుంది. బురదలో చెప్పుల్లేకుండా నిలబడే మనిషికి మార్ఫియా అవసరం లేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు బర్మా నుంచి ఈ రోగం గురించిన నివేదికలు బహు అరుదు. రోగం పోలేదు, చూసేవారు కరువయ్యారు.

ఒంట్లోకి చేరాక ఆ సూక్ష్మజీవి ఎక్కడ ఉంటుందన్నది రెండో ప్రశ్న. సమాధానం: కణం లోపల. అక్కడ అది చేసే పనులు చదువుతుంటే, తెలుగు మాధ్యమపు బడిలో నేర్చుకున్న కణం బొమ్మ ఒక్కో భాగమే చెరిగిపోతుంది.

ఆ బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘చక్కని పటము గీసి భాగములను గుర్తింపుము.’ కోడిగుడ్డు ఆకారం, మధ్యలో చుక్క, రెండు పక్కలా బాణాలు. కణకవచం, కేంద్రకం, రిక్తికలు, మైటోకాండ్రియా. బాణాలు తిన్నగా ఉంటే మార్కులు పడేవి. కదలని బొమ్మ కాబట్టి కణం కూడా కదలని వస్తువుగానే మనసులో నిలిచిపోయింది. పిల్లలకు అర్థం కావడానికి దానికి ‘కర్మాగారం’ అన్న పోలిక తోడయింది. కేంద్రకం యజమాని, మైటోకాండ్రియా విద్యుత్కేంద్రాలు, త్వచం ప్రహరీగోడ, గేటు దగ్గర కాపలావాడు.

ఇందులో తెలుగు చేసిన తప్పు కొంత, అరువు తెచ్చుకున్న తప్పు కొంత. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో ఖాళీ గదులను చూసి ‘సెల్’ అన్నాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలు. ఆ మాటలో గది ఉంది. హిందీ ‘కోశిక’లోనూ కన్నడ ‘జీవకోశ’లోనూ ఆ గది కొంత మిగిలింది. తెలుగు మాత్రం ‘కణం’ అంది. సంస్కృతంలో కణమంటే గింజ, నూక, నలుసు. రంగం మిల్లుల్లో తెలుగు కూలీలు మోసిన బస్తాలలో ఉన్నది అక్షరాలా కణాలే! గదికి లోపల ఉంటుంది, వాకిలి ఉంటుంది. నూకకు లోపల లేదు, వాకిలీ లేదు. పైగా తెలుగులో పరమాణువు లోపలి ప్రోటానూ కణమే, దాని మధ్యనున్నదీ కేంద్రకమే. ఒకే మాట భౌతికశాస్త్రానికీ జీవశాస్త్రానికీ చాకిరీ చేస్తుంటే, కణమంటే విడగొట్టలేని చిన్న తునక అన్న భావం పిల్లవాడికి తెలియకుండానే స్థిరపడుతుంది. జీవకణం తునక కాదు.

మైటోకాండ్రియా విషయంలో తప్పు మరింత స్పష్టం. 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ దాన్ని ‘పవర్‌హౌస్’ అన్నాడు, అంటే విద్యుత్తు పుట్టే చోటు. తెలుగులోకి వచ్చేసరికి చాలా పుస్తకాల్లో అది ‘శక్తి భాండాగారం’ అయింది, అంటే దాచిపెట్టిన కొట్టు. నిజానికి అక్కడ దాచుకున్నది దాదాపు ఏమీ లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్కేతో కలిసి 1929లో వెలికితీసిన ఏటీపీ, మనిషి ఒంట్లో ఏ క్షణాన చూసినా కొద్ది పదుల గ్రాములే. రోజు మొత్తంలో విరిగి మళ్ళీ తయారయ్యేది పదుల కిలోగ్రాములు. 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించినట్లు, మైటోకాండ్రియా లోపలి పొరకు ఒక పక్కన ప్రోటాన్లు ఎక్కువగా, రెండో పక్కన తక్కువగా ఉంటాయి; అవి వెనక్కి వచ్చే దారిలోనే ఏటీపీ తయారవుతుంది. పొర చిల్లుపడితే తేడా పోతుంది, తేడా పోతే శక్తీ పోతుంది. కొట్టుగది అయితే తలుపు తెరిచినా సరుకు అక్కడే ఉండాలి కదా!

రంగూన్ సూక్ష్మజీవి ఈ బొమ్మను ఎలా చెరుపుతుందో క్రమంగా చూడవచ్చు. భక్షకకణం తన త్వచాన్ని చాపి సూక్ష్మజీవిని చుట్టి మింగుతుంది. ఇక్కడే ప్రహరీగోడ పోలిక కూలిపోతుంది. సింగర్, నికల్సన్ 1972లో చెప్పినట్లు త్వచం రెండు వరుసల కొవ్వు అణువుల పలుచటి ద్రవం; అందులో ప్రోటీన్లు తేలుతుంటాయి. అది ముడుచుకోగలదు, చిన్న సంచిగా తెగి లోపలికి పోగలదు, మళ్ళీ పైకి వచ్చి త్వచంలో కలిసిపోగలదు. మింగిన సూక్ష్మజీవి అలాంటి సంచిలోనే ఉంటుంది. ఆ సంచి లైసోసోముతో కలిస్తే, అందులోని ఎంజైములు లోపలిదాన్ని జీర్ణం చేస్తాయి. ద్యువ్ సరదాగా వాడిన మాటను తెలుగు పుస్తకాలు ‘ఆత్మహత్యా సంచులు’గా మార్చి పిల్లలను భయపెట్టాయి గాని, వాటి రోజువారీ పని చావు కాదు, జీర్ణం, మరమ్మతు.

సంచులు కలిసేదాకా మన సూక్ష్మజీవి ఆగదు. తన పైపొరలో ఉన్న సూదిలాంటి నిర్మాణంతో కణంలోకి ప్రోటీన్లను ఎక్కిస్తుంది. సంచిని ఛేదించుకుని జీవద్రవ్యంలోకి బయటపడుతుంది. విట్‌మోర్, కృష్ణస్వామి రోగి చేతిలోని సూదిని చూశారు. సూక్ష్మజీవి చేతిలోని సూదిని చూడడానికి వారి కాలపు సూక్ష్మదర్శినికి శక్తి లేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కణం బొమ్మ మొదటిసారి అచ్చయింది 1945లో.

బయటపడ్డాక అది కణపు సొంత సరుకునే వాడుకుంటుంది. జీవద్రవ్యం నీళ్ళతొట్టి కాదు. అందులో ఆక్టిన్ అనే ప్రోటీను పోగులు నిరంతరం ఒక కొన పెరుగుతూ మరో కొన కరుగుతూ ఉంటాయి. కణం ఆకారానికీ నడకకూ అవే ఆధారం. సూక్ష్మజీవి తన ఒక చివర ఉంచుకున్న ప్రోటీనుతో ఆ పోగులను తన వెనకే పేర్పిస్తుంది. పేరుతున్న పోగు దాన్ని ముందుకు నెడుతుంది. అలా త్వచాన్ని వేలిలా పొడుచుకుంటూ పక్క కణంలోకి దూరుతుంది. చివరికి రెండు కణాల త్వచాలనూ కలిపేస్తుంది. ఇద్దరు ముగ్గురి ఇళ్ళ గోడలు పడగొట్టినట్లు, ఒకే ద్రవ్యంలో అనేక కేంద్రకాలు తేలే మహాకణం ఏర్పడుతుంది. 2000లో థాయిలాండ్ శాస్త్రజ్ఞులు దీన్ని స్పష్టంగా వర్ణించారు. ఇక్కడ యజమాని ఎవరు? కర్మాగారం పోలికకు ఈ ప్రశ్నకు జవాబు లేదు. పక్క కణానికి పోవడానికి ఈ సూక్ష్మజీవి రక్తంలోకి రానవసరం లేదు. కాబట్టి రక్తంలో కాపుకాసే ప్రతిరక్షకాలు దాన్ని చేరలేవు.

ఇలా కణాలు కలిసిపోవడం రోగంలో మాత్రమే జరిగే ఘోరం కూడా కాదు. మన కండరపు ప్రతి పోగూ వందల కణాలు కలిసి ఏర్పడినదే. గర్భంలో తల్లికీ బిడ్డకూ మధ్యనున్న మాయ పైపొర అంతా కలిసిపోయిన ఒకే కణం. దాన్ని కలిపే ప్రోటీను ఏనాటిదో ఒక వైరసు నుంచి మన జన్యువుల్లోకి వచ్చింది. సరిహద్దు అనేది కణం నిరంతరం చేస్తూ ఉండవలసిన పని. తెలుగు పుస్తకాలు దాన్ని వస్తువుగా చెప్పాయి.

తెలుగులో అందరూ ఇలాగే రాశారనడం అన్యాయం. వేమూరి వేంకటేశ్వరరావు, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు భాగాల పట్టికను దాటి, అణువుల నడవడినీ జీవపరిణామాన్నీ కథగా చెప్పారు. పోలిక లేకుండా చెప్పడం సాధ్యమూ కాదు; ‘త్వచం’ అన్నదీ చర్మంతో పోలికే. కర్మాగారం స్థానంలో ‘రేవు’ పెడితే కొంత మేలు. రేవులో ముఖ్యం రాకపోకలు. ఒడ్డు కూడా ఆటుపోట్లకు మారుతుంది. దలా ఫెర్రీ ఎక్కినవారికి అది చెప్పనక్కరలేదు. రేవులో తేలే కొయ్యముక్కల్లా త్వచంలో ప్రోటీన్లు తేలుతాయంటే పిల్లవాడికి తెలుస్తుంది. అయితే ఒడ్డు తనంతట తాను చిరిగి అతుక్కోదు. అక్కడితో ఆ పోలికను వదిలేయాలి. వదిలేయవలసిన చోటు ఇదీ అని పిల్లవాడికి చెప్పకపోవడమే పాఠాల అసలు లోపం.

ఇది కేవలం భాషా చర్చ అయితే ఇంత పట్టింపు అక్కరలేదు. 2016లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మందికి ఈ రోగం వస్తున్నది. సుమారు 89,000 మంది మరణిస్తున్నారు. రోగులలో దాదాపు సగం దక్షిణాసియా వారే. అందరికంటే ఎక్కువ ప్రమాదం మధుమేహ రోగులకు, ఎందుకంటే వారి భక్షకకణాల పని మందగిస్తుంది. వరిపొలం, వానాకాలం, మధుమేహం: ఈ మూడూ కలిసే చోటు గోదావరి, కృష్ణా డెల్టాలు కాక మరేమిటి? వేలూరు, మణిపాల్, పుదుచ్చేరి ఆసుపత్రుల నుంచి ఈ రోగం గురించి నివేదికలు వచ్చాయి. అయినా ఊపిరితిత్తుల్లో మచ్చ, తగ్గని జ్వరం కనిపిస్తే ముందు క్షయ అనుకోవడమే అలవాటు. క్షయ మందులు దీనిమీద పనిచేయవు. మామూలుగా వాడే సెఫ్‌ట్రయాక్సోన్ నమ్మదగినది కాదు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ కనీసం పది, పధ్నాలుగు రోజులు ఎక్కించాలి. జ్వరం తగ్గిందని అక్కడ ఆపితే రోగం తిరగబెడుతుంది. ఆ తర్వాత కనీసం మూడు నెలలు కో-ట్రైమాక్సజోల్ మాత్రలు మింగాలి. రోగికి ఆ మూడు నెలల అవసరం నచ్చజెప్పాలంటే, సూక్ష్మజీవి ఎక్కడ దాక్కుంటుందో చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధంలో జపాను సైన్యానికి బందీగా చిక్కిన ఒక అమెరికన్ సైనికుడిలో అది 62 ఏళ్ళ తర్వాత బయటపడింది.

అమెరికాలోనో ఇంగ్లండులోనో పనిచేసే తెలుగు వైద్యుడి దగ్గరకు, ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన జ్వరంతో వస్తే, షుగరు ఎంత ఉందో అడగడం అందరూ చేసే పనే. వానాకాలంలో పొలంలో దిగారా, కాలికి పుండు ఉందా అని కూడా అడగాలి. అనుమానం ఉంటే ప్రయోగశాలకు ముందే చెప్పాలి. లేకపోతే అక్కడ పెరిగినదాన్ని ఏదో సూడోమోనాస్ కల్తీ అనుకుని పారవేసే ప్రమాదం ఉంది. ప్లేటు మీద మొదటి రోజున అది నునుపైన చిన్న చుక్కలా ఉంటుంది. ముడతలు పడిన దాని అసలు రూపం తేలడానికి మరికొన్ని రోజులు పడుతుంది.