పేరు చెక్కిన రాయి, గోత్రం చెప్పిన నోరు

సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రికి వెళ్లినవాళ్లు నల్లరాతి స్తంభాల నునుపు చూసి మురిసిపోతారు, ఫొటోలు దిగుతారు. శాసనాల దగ్గర ఆగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ ఊరి సంగతి, ఊరేలిన ఇంటి సంగతి చెప్పేవి ఆ రాళ్లే. శక సంవత్సరానికి 78 కలిపితే మనకు అలవాటైన లెక్క వస్తుంది. శక 1117 నాటి శాసనం, అంటే 1195, కాకతి రుద్రదేవుడి కాలానిది. శక 1130, అంటే 1208 నాటిది గణపతిదేవుడి కాలానిది. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ ఇక్కడ శివాలయం కట్టించింది. అందులో దేవుడు ఎరకేశ్వరుడు. అదే వంశపు నామిరెడ్డి కట్టించిన గుళ్లో దేవుడు నామేశ్వరుడు. రాజ్యం ఓరుగల్లు కాకతీయులది. గుడికి నిలిచిన పేరు మాత్రం ఆ ఊరి ఇల్లాలిది.

కట్టించినవారి పేరుకో, వారి అమ్మానాన్నల పేరుకో ఈశ్వరుణ్ణి చేర్చి లింగాన్ని ప్రతిష్ఠించడం ఆనాటి వాడుక. అందుకే ఊళ్లో దేవుళ్ల పేర్లు వరసగా చదివితే ఒక కుటుంబం వంశవృక్షం కళ్లముందు నిలుస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఒక స్త్రీ పేరు, ఆమె భర్త పేరు, ఆమె చేసిన పని ఇంత కచ్చితంగా తెలిసే పల్లెలు మనకు ఎన్ని ఉన్నాయి? 1208లో ఎరకేశ్వరాలయం లేచిన ఐదేళ్లకు, 1213లో, ఆ రేచర్ల వంశంవాడే అయిన రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పను ప్రపంచమంతా చూస్తోంది. కానీ కాకతీయుల కాలం నాటి చిత్రలేఖనం ఆనవాళ్లు, క్షీరసాగర మథనం బొమ్మతో సహా, పిల్లలమర్రి గుళ్లలో మిగిలాయన్న సంగతి మన జిల్లావాళ్లలోనే చాలామందికి తెలియదు.

శాసనం చదవడం పండితులకే సాధ్యమనుకోవద్దు. ముందు నకలు తీయడం నేర్చుకోవాలి. రాతి మీది మట్టి, పాచి మెత్తటి బ్రష్షుతో, నీళ్లతో కడగాలి. తడిపిన కాగితాన్ని రాతికి అంటించి, గట్టి కుచ్చుల బ్రష్షుతో మెల్లగా తట్టాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. తడి కాస్త ఆరాక, సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన అద్దుకుంటూ పోతే మిట్టలు నల్లబడతాయి, గుంటలు తెల్లగా మిగులుతాయి. తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే చూడాలి! ఆరిన కాగితాన్ని నెమ్మదిగా ఒలిచి తీస్తే ఆ రాయి మాట ఇంటికి వచ్చినట్టే. రక్షిత కట్టడాల్లో పురావస్తు శాఖ అనుమతి లేకుండా రాతిని ముట్టుకోకూడదు. అక్కడ ఏటవాలుగా పడే సాయంత్రపు ఎండలో తీసిన ఫొటో చాలు.

చాలా దాన శాసనాల తల మీద సూర్యచంద్రులుంటారు, వాళ్లున్నంత కాలం ఈ దానం ఉండాలని. చివర శాపం ఉంటుంది: ఇచ్చిన భూమి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని. మధ్యలో ఉండే పొలం హద్దులు, చెరువు పేర్లు, దీపానికి నూనె ఎవరివ్వాలో చెప్పే మాటలు ఊరి చరిత్రకు ప్రాణం. హైదరాబాదులో 1922లో మొదలైన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఈ రాళ్ల విలువ గుర్తించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేసింది. తర్వాత బి.ఎన్. శాస్త్రి గారు నల్లగొండ జిల్లా శాసనాల కోసం ఊరూరా తిరిగారు. ఆయన ఒక్కరు చేసిన పనిని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

రాయి ఎక్కువగా చెప్పేది ఉన్నవాళ్ల పేర్లే. లేనివాళ్ల పేర్లకు నోటిమాట వినాలి. మిర్యాలగూడ దగ్గరి ఆమనగల్లు రేచర్ల వారి పాత ఊరు. అక్కడి చెవిరెడ్డికి నిధి దక్కాలంటే నరబలి కావాల్సి వచ్చిందని, రేచడు అనే దళిత సేవకుడు తన ప్రాణమిచ్చాడని, తన పేరే గోత్రంగా నిలపమని కోరాడని ‘వెలుగోటివారి వంశావళి’ అనే పాత గ్రంథం చెబుతుంది. ఇందులో జరిగిందెంత, కల్పనెంత అన్నది వేరే చర్చ. ఆ చెవిరెడ్డి వంశంవాళ్లుగా రాచకొండ, దేవరకొండలను ఏలిన పద్మనాయకులు తమ గోత్రానికి మూలం ఒక సేవకుడి బలిదానమని ఒప్పుకున్న కథ ఇది. నా దృష్టిలో ఏ విజయ శాసనానికీ ఇది తీసిపోదు.

ఇలాంటి కథలను వృత్తిగా మోసిన కులాలున్నాయి. పిచ్చకుంట్లవారని పిలిపించుకుని, ఇప్పుడు వంశరాజ్‌లుగా గుర్తింపు పొందినవాళ్లు రెడ్ల గడపల్లో గోత్రాలు, ఇంటిపేర్లు అప్పజెప్పేవారు. మందహెచ్చులవాళ్లు గొల్లల కథలు చెబుతారు. ఇంగ్లండులో 1538 నుంచి ప్రతి చర్చిలో పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు పుస్తకంలో రాయడం మొదలైంది. అందుకే అక్కడ చిన్న పల్లెటూరి కుటుంబానికి కూడా నాలుగైదు వందల ఏళ్ల లెక్క దొరుకుతుంది. మన దగ్గర ఆ పుస్తకాల పని చేసినవి ఈ నోళ్లే. వాళ్లకిచ్చే గింజలు ఆగిపోయాయి, పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లారు, పాఠం తెగుతోంది.

కట్టడాల్లో దొరల గడీలను మరవకూడదు. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలు చెబుతాయి. గడీ గోడల ఎత్తు చూసి ఆశ్చర్యపోయి వెనుదిరిగితే సగం చరిత్రే చూసినట్టు. వెట్టికి వచ్చిన ఇళ్లేవి, ఎవరి భూమి ఎప్పుడు పోయింది అన్నది ఊరివాళ్లను అడిగి, ఉర్దూలో ఉన్న సేత్వారులు, 1954-55 ఖాస్రా పహాణీ లాంటి పాత భూమి రికార్డులతో పోల్చి చూడాలి. పట్టాదారు ఒకరు, దున్నేవాడు మరొకరు అన్న నిజం ఆ రికార్డుల కాలమ్‌లలోనే పట్టుబడుతుంది. కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఆ వెట్టి మీదికే తిరగబడ్డారు. ఒకే ఇంటి చరిత్రలో రెండు వైపులూ ఉంటాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఇంకో పొర ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు పారిన చోట మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతు కుటుంబాలు వచ్చాయి, బియ్యం మిల్లులు లేచాయి, ఊళ్లలో కొత్త ఇంటిపేర్లు వినబడ్డాయి. బండి కట్టుకుని వచ్చినవాళ్లలోనూ, వాళ్లకు పొలం అమ్మినవాళ్లలోనూ కొందరు ఇంకా ఉన్నారు. ఈ చరిత్రకు శాసనం లేదు. వాళ్ల జ్ఞాపకమే ఆధారం.

మీ ఊళ్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే పండక్కి వెళ్లినప్పుడే ఫోన్‌లో వాళ్ల మాట రికార్డు చేయండి. ఇంటిపేరు ఎక్కడిదో, చెరువుకు ఆ పేరెందుకొచ్చిందో, వాడకట్టులో ముందు ఎవరుండేవారో అడగండి. ఆడవాళ్ల పుట్టింటి పేర్లు తప్పకుండా రాసుకోండి. శాసనం రాతి మీద సున్నం కొడుతుంటే ఆపండి.