రంగం మేస్త్రీ, ఫిన్లాండ్ ఒప్పందం

విదేశీ ఉద్యోగాల ప్రకటనల్లో ఈ వారం ఫిన్లాండ్ పేరు చూసి ఒళ్లు మండింది. జీతం పెద్ద అక్షరాల్లో ఉంది. ఇచ్చేదెవరో, ఏ ఒప్పందం మీద ఇస్తారో ఒక్క ముక్క లేదు. జీతమెంత అనడానికి ముందు మధ్యలో ఉన్నదెవరని అడగండి అన్నది ఈ కాలమ్ పాత పాటే. అది మనకి రంగం, అంటే రంగూన్, నేర్పిన పాట. విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి అక్కడికి వెళ్లిన మన కళాసీకి, అంటే రేవు కూలీకి, యజమాని మొహం తెలీదు, మేస్త్రీయే తెలుసు. ఊళ్లో అడ్వాన్సు ఇచ్చేదీ, ఓడ ఛార్జీ కట్టేదీ, గుంపుని పనిలో పెట్టేదీ, వచ్చిన కూలిలో అప్పు పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టేదీ అతనే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కళాసీలు కూలి పెంచమని సమ్మె కడితే వాళ్ల చోట బర్మీయుల్ని పెట్టారు. రాజీ కుదరగానే ఆ బర్మీయుల్ని పొమ్మన్నారు. రెండు గుంపులూ వీధుల్లో తలపడి వందమందికి పైగా చచ్చిపోయారు. జాతుల గొడవని చరిత్రకెక్కింది గానీ, నా దృష్టిలో అది కూలీలని పనికి తెచ్చే పద్ధతి పుట్టించిన గొడవ.

ఇక ఫిన్లాండ్ సంగతి. అక్కడ దేశమంతటికీ ఒకే కనీస వేతనం పెట్టే చట్టం లేదు. హడలిపోనక్కర్లేదు: పరిశ్రమల వారీగా కార్మిక సంఘాలూ యజమానుల సంఘాలూ కుదుర్చుకున్న ఒప్పందాలే కనీస జీతం తేలుస్తాయి, చాలాచోట్ల సంఘంలో చేరని యజమాని కూడా వాటికి లోబడాలి. పని సాధారణంగా రోజుకి 8 గంటలు, వారానికి 40. ట్యాక్స్ కార్డు ఇవ్వకపోతే జీతంలో 60 శాతం పన్ను కింద పట్టేస్తారు, కొత్తవాడి గుండె జారేది అక్కడే. ఇంత పద్ధతున్న దేశంలో మోసమేమిటంటారా? అడవి బెర్రీలు ఏరడానికి థాయ్‌లాండ్ నుంచి వెళ్లినవాళ్లని ఉద్యోగులుగా లెక్కెయ్యలేదు, ఏరుకుని అమ్ముకునేవాళ్లన్నారు. దాంతో ఏ ఒప్పందమూ వాళ్లకి వర్తించలేదు. అప్పు చేసి టికెట్టు కొన్నవాళ్లు కొందరు అప్పుతోనే తిరిగెళ్లారు. మనుషుల అక్రమ రవాణా కింద కేసులు నడిచి శిక్షలు పడ్డాక, 2025 నుంచి ఉద్యోగ ఒప్పందం ఉంటేనే ఏరడానికి రానిస్తున్నారు.

అలాగని మధ్యవర్తిని తీసిపారేస్తే సరిపోతుందనలేను. మేస్త్రీ తలదాచుకునే చోటు చూపాడు, భాష రానివాడి తరఫున మాట్లాడాడు, అవసరానికి అప్పిచ్చాడు. అతని పట్టు అన్నేళ్లు నిలిచింది అందుకే. ఆ పనులు ఇంకెవరైనా చేస్తే తప్ప అతను పోడు. ఫిన్లాండ్‌లో 2025 జనవరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు కుదురుకునేలా చూసే బాధ్యత మునిసిపాలిటీలది. మన దగ్గర 1983 వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలకీ దాని మీది జీఎస్టీకీ మించి పుచ్చుకోకూడదు. హద్దు ఉంది, సరే. వెళ్లేవాడి చేతిలో కాగితం చదివేదెవరు? ఫిన్లాండ్‌లో మామూలు వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడికి పని పోతే, 2025 జూన్ నుంచి ఇంకోటి వెతుక్కోడానికి సాధారణంగా 3 నెలలే గడువు. ఇలాంటివన్నీ తెలుగులో విడమర్చి చెప్పే మనిషి బొబ్బిలిలో, సాలూరులో, పార్వతీపురంలో ఒక్కొక్కరు కూర్చోవాలి. మేస్త్రీ అనే పిలవండి, నాకభ్యంతరం లేదు. జీతం ప్రభుత్వం ఇవ్వాలి, వెళ్లేవాడి దగ్గర అతను పైసా ముట్టకూడదు.